ఇరవై ఏడు రోజుల పేరు

లాల్‌దర్వాజా, హైదరాబాదు
22 జూన్ 2025

సావిత్రి గారికి నమస్కారాలు.

నా పేరు షారోన్. డానియేలు, కళావతిల కూతుర్ని. 1990లో కువైట్ నుంచి మీ చెయ్యి పట్టుకుని వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లను. ఈ ఉత్తరం చేరుతుందో లేదో, చేరినా మీరు ఆ సావిత్రి గారేనో కాదో తెలియదు. కాకపోతే క్షమించి చించెయ్యండి.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. మా చర్చి వాళ్లు యెరూషలేము యాత్ర అనుకుంటే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. అక్కడ మళ్లీ యుద్ధం మొదలై యాత్ర ఆగిపోయింది గానీ, ఫారం నింపడం అప్పటికే అయింది. అందులో ఒక ప్రశ్న: మీకు మరో పేరేమైనా ఉందా? లేదు అని టిక్కు పెట్టాను. పెట్టాక చెయ్యి ముందుకు కదల్లేదు. ఇరవై ఏడు రోజులు నాకు మరో పేరు ఉండేది. మీ అమ్మాయి పేరు. రాగసుధ.

నాకు గుర్తున్నది రాస్తున్నాను, తప్పయితే దిద్దండి. ఇరాక్ సైన్యం వచ్చేనాటికి అమ్మ నిండు నెలలతో ఆస్పత్రిలో ఉంది. బాపు ఆమెను వదిలి కదలలేడు. మా పై అంతస్తులో మీరు పనిచేసే ఇంటివాళ్లు మీ పాస్‌పోర్టు బల్ల మీద పడేసి, మీకు మాట మాత్రం చెప్పకుండా కారెక్కి పోయారు. ఆ రోజుల్లో తల్లి పాస్‌పోర్టులోనే పిల్ల పేరు కూడా రాసేవారు; నా పేరు అమ్మదాంట్లో ఉంది. ఎప్పటికైనా ఊళ్లో ఉన్న కూతుర్ని తెచ్చుకోవాలని మీరు ముందే ఆమె పేరు మీదాంట్లో రాయించుకున్నారు. బాపు నన్ను మీ చేతుల్లో పెట్టాడు. మెట్లు దిగుతూ మీరన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది: “ఇప్పట్నుంచి నువ్వు రాగసుధవి. నన్ను అమ్మా అనాలి. నోరుజారి షారోన్ అన్నావంటే మనిద్దర్నీ ఇసకలో దింపేస్తారు.”

ఫారం నింపిన రోజు సాయంత్రం బాపు దగ్గర కూర్చుని, “గా సావిత్రమ్మ ఏ ఊరామె బాపూ?” అని అడిగాను. బాపుకు డెబ్బయ్యారు నిండాయి. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతాడు. అలాంటి మనిషి మీ వీధి, మీ ఊరు, పిన్‌కోడుతో సహా గడగడా చెప్పేశాడు. “రాసి పెట్టుకున్నవా?” అన్నాను. “నాకు నోటికొస్తది బిడ్డా” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ నాలుగేళ్ల కిందట కరోనాలో పోయింది. నా భర్త సాగర్ ఎలక్ట్రీషియను. కూతురు శ్రీహితకు తొమ్మిదేళ్లు. రాగసుధ ఎలా ఉంది? నా ఈడుదే కదా. ఎక్కడుంటోంది, పిల్లలెందరు?

మీ
షారోన్


నరసాపురం
7 జూలై 2025

చిరంజీవి షారోన్‌కు దీవెనలు.

ఆ సావిత్రినే. ఇంకా ఉన్నాను. ఉత్తరం తెచ్చిన పోస్టాయన గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి, “హైదరాబాదులో మీకెవరున్నారండీ?” అని అడిగాడు. నవ్వేశాను. ఈ వీధికి వచ్చేవి కరెంటు బిల్లులూ పెళ్లి పిలుపులూ తప్ప మరేం ఉండవు.

కవరు మీద ఫోను నంబరు రాశావు. చేస్తే నాకు వినపడదమ్మా, చెవులు పోయి ఆరేళ్లయింది. కళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఇప్పటికీ లేసు అల్లుతాను. అందుకని ఉత్తరమే రాయి.

మీ అమ్మ పోయిందని చదివి నొచ్చుకున్నాను. కువైట్లో వినాయక చవితికి నేనొక్కదాన్నే మేడ మీద కూర్చుని ఉంటే, తాను దేవుణ్ణి ఏసయ్యా అని పిలిచే మనిషే అయినా, నాకోసం బెల్లం ఉండ్రాళ్లు చేసి తెచ్చింది. రుచి ఘోరంగా ఉంది. ఇద్దరం నవ్వుకుంటూ తిన్నాం.

నువ్వు రాసినదాంట్లో తప్పేం లేదు. ఒకటి వదిలేశావు, అది నీకు గుర్తుండదు. బస్రా దాటాక చెక్‌పోస్టులో నెరిసిన మీసాల సైనికుడొకడు బస్సెక్కాడు. పాస్‌పోర్టు చూశాడు, నిన్ను చూశాడు. వేలు చూపించి వాళ్ల భాషలో పేరడిగాడు. నువ్వు తడుముకోకుండా “రాగసుధ” అన్నావు. అక్కడితో ఊరుకోలేదు. నా కొంగు పట్టుకుని “మా అమ్మ” అన్నావు. అమ్మా అని పిలవమన్నానే గానీ, అలా చెప్పమని నేను నేర్పలేదు. తెలుగులో అన్నా అతనికి అర్థమైంది. సంచిలోంచి ఖుబూస్ రొట్టె తీసి నీ ఒళ్లో పెట్టి దిగిపోయాడు. శత్రువు చేతి రొట్టె అని బస్సులో ఒకాయన తినొద్దన్నాడు. పిల్ల పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, శత్రువేమిటి, మిత్రుడేమిటి అని నేను తుంచి తినిపించాను.

మీ నాన్నకు అడ్రసు గుర్తుండటం ఆశ్చర్యమే. నేను అడిగానని చెప్పు. ఆరోగ్యం చూసుకోమను.

వర్షాలు పడుతున్నాయి. దారం చెమ్మగిల్లి కొక్కేనికి అంటుకుపోతోంది. ఉంటాను.

ఆశీస్సులతో
సావిత్రి


లాల్‌దర్వాజా
3 ఆగస్టు 2025

సావిత్రమ్మకు,

మీ ఉత్తరాన్ని శ్రీహితకు చదివి వినిపించాను. సైనికుడి దగ్గరికి రాగానే “మమ్మీ, నువ్వు అబద్ధం చెప్పినవా?” అని కళ్లు పెద్దవి చేసింది. జవాబు వెంటనే రాద్దామనుకున్నాను గానీ బోనాల వారమంతా డ్యూటీల మీద డ్యూటీలు. మా వీధిలో మనుషులు నడవడానికే చోటుండదు.

నిజానికి తీరిక లేక కాదు. ఒక మాట రాయడానికి ధైర్యం చాలక ఆగాను. ఇప్పుడు రాసేస్తాను.

విమానం కోసం మనం ఆగిన ఆ ఎడారి గుడారాలు నాకు గుర్తున్నాయి. పగలు ఇసక కాలేది, పొద్దు వాలితే చలి వణికించేది. నాకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. మీరు మీ చీర చించి, తడిపి, నా ఒంటికి చుట్టారు. గుడారం గుడారానికీ తిరిగి ఒకచోట ఉప్పు, ఒకచోట చక్కెర అడుక్కొచ్చి నీళ్లలో కలిపి చెంచాతో పట్టారు. ఒకరోజు మైకులో మన పేర్లు పిలిచారు. అందరూ మూటలు సర్దుకుని పరుగెత్తుతున్నారు. మీరు మాత్రం లేవలేదు. ఎందుకో నాకు తెలియదు. ఆ తర్వాత కొన్ని రోజులకు విమానమెక్కాం.

హైదరాబాదులో నన్ను మా అమ్మమ్మకు అప్పగించి మీరు మీ ఊరు వెళ్లారు. అక్టోబరు ఆఖరున అమ్మా బాపూ వచ్చారు. పుట్టిన తమ్ముడు బతకలేదు. నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం మీరు మా ఇంటికి వచ్చారు. వీధిలోంచే “సుధా! సుధా!” అని పిలిచారు.

నేను ఇంట్లో లేనని బాపు మీతో అన్నాడు. కానీ ఉన్నాను. తలుపు వెనకే ఉన్నాను. వచ్చినప్పట్నుంచి పక్క తడుపుతున్నాను, బస్సు చూస్తే ఏడుస్తున్నాను. ఆ పేరుతో పిలిస్తే మళ్లీ ఆ ఇసకలోకే తీసుకుపోతారనిపించింది. “బాపూ, ఆమెను పొమ్మను. నేను సుధను కాను. ఆమె మా అమ్మ కాదు” అని అరిచాను. బాపు గడప దాటగానే తలుపు లోపల్నుంచి గడియ పెట్టింది కూడా నేనే.

మీకు వినపడిందా? ముప్పై ఐదేళ్లుగా ఇదే అడగాలనుకున్నాను. నా ఒంటికి చీర చుట్టిన మనిషికి మంచినీళ్లైనా ఇవ్వకుండా పంపేశాను. పిల్లను కదా అని నన్ను నేను సమాధానపరుచుకోవచ్చు. ఇరవై ఏళ్లొచ్చాక, ముప్పై ఏళ్లొచ్చాక కూడా పిల్లనేనా?

రాగసుధ గురించి మీరు ఏమీ రాయలేదు. ఆమెకు కూడా ఒక ఉత్తరం రాయాలనుంది. ఆమె పేరు వాడుకుని బతికినదాన్ని కదా. అడ్రసు పంపండి.

మీ
షారోన్


నరసాపురం
1 సెప్టెంబరు 2025

షారోన్‌కు,

ఉత్తరం అందింది. ఒంట్లో అంత బాగుండటం లేదు. గడిచినవన్నీ తవ్వుకోవడం ఎందుకమ్మా. నీ కుటుంబం చల్లగా ఉండాలి. కొన్నాళ్లు రాయకు.

సావిత్రి


లాల్‌దర్వాజా
5 అక్టోబరు 2025

సావిత్రమ్మకు,

రాయొద్దన్నారు. నెల ఆగాను. ఇక ఆగలేకపోతున్నాను.

మీ కార్డు బాపు ముందు పెట్టాను. చదివి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. “నువ్వు ఆమె బిడ్డ సంగతి అడిగినవా?” అన్నాడు. రెండుసార్లు అడిగానన్నాను. తర్వాత ఇలా చెప్పాడు, ఒక్క మాట మార్చకుండా రాస్తున్నాను.

“గా బిడ్డ లేదు. ఆమె ఊరికి పోయేసరికే లేదు. నువ్వు తలుపేసుకున్నంక వారం దినాలకు కార్డు రాసింది. కామెర్లు తలకెక్కి రాగసుధ సెప్టెంబరు పద్నాలుగున పోయింది, షారోన్ మీద నాకు కోపం లేదు, పసిదానికి చెప్పకండి అని రాసింది. మీ అమ్మమ్మతోటి ఆమె చెప్పిపోయింది, పిల్లకు జ్వరమొస్తే ఐదు దినాలు ఆగినమని. నేను తారీఖులు కలిపి చూసుకున్న. ఆగకుంటే ఆమె పన్నెండున ఇంటికి చేరుతుండె. బిడ్డ ఇంకా ఉండె.”

“మరి నాకెందుకు చెప్పలే బాపూ? ఉత్తరం ఎందుకు రాయలే?” అన్నాను.

“ఆమె చెప్పొద్దన్నది. గది ఒక సాకు. అడ్రసున్నది, రైలున్నది, కాళ్లున్నయి. ఏం మొఖం పెట్టుకొని పోవాలె? నా బిడ్డను దక్కిచ్చి ఆమె బిడ్డను పోగొట్టుకున్నది. శుక్రియా అని రాయాల్నా? రోజు ప్రార్థనల ఆమె పేరు చెప్తున్న, అడ్రసుతోటి సహా. దేవునికి అడ్రసు ఎందుకు? నాకే మరువకుండ ఉండాలని.” అని ఏడ్చాడు. తమ్ముడు పోయిన సంగతి చెప్పినప్పుడు కూడా నేను బాపు ఏడవడం చూడలేదు.

మైకులో పిలిచినప్పుడు మీరెందుకు లేవలేదో ఇప్పుడు తెలిసింది. జ్వరమున్న పిల్లను విమానం ఎక్కనివ్వరు. నన్ను ఎవరికైనా అప్పగించి మీరు వెళ్లిపోయి ఉండొచ్చు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

నవంబరులో మీరు మా వీధిలో “సుధా” అని పిలిచినప్పుడు, ఆ పేరుకు పలికే పిల్ల లోకంలో నేనొక్కదాన్నే. నేనూ పలకలేదు.

నిన్న మా బస్సులో ఒక చిన్నపిల్ల తల్లి కొంగు పట్టుకుని నిద్రపోతోంది. టికెట్ ఇవ్వబోయి, మెషీను పక్క సీట్లో పెట్టేసి కూర్చున్నాను. డ్రైవరన్న బండి ఆపి “ఏమైందక్కా?” అన్నాడు.

క్షమించమని అడగను. దానికి నాకు అర్హత లేదు. మీరు ఒప్పుకుంటే ఒకసారి వచ్చి మీ కాళ్లు ముట్టుకుని వెళ్తాను. ఒప్పుకోకపోయినా సరే.

షారోన్


నరసాపురం
9 నవంబరు 2025

చిరంజీవి షారోన్‌కు,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు దాన్ని దిండు కింద పెట్టుకున్నాను. మీ నాన్న తారీఖులు కలిపి చూస్తాడని నేననుకోలేదు. నేను మాత్రమే లెక్కపెట్టాననుకున్నాను.

ఒకటి మాత్రం సరిగా తెలుసుకో. పన్నెండున చేరి ఉంటే రాగసుధను బతికించి ఉండేదాన్నని నేను అనను. డాక్టరు ఎప్పుడో చేతులెత్తేశాడని మా అమ్మ చెప్పింది. కానీ రెండు రోజులు దొరికేవి. ఒళ్లో పెట్టుకునేదాన్ని. “అమ్మ ఏ బస్సుకొస్తుంది?” అని అడుగుతూనే ఉందట. అదొక్కటే నాకు.

నువ్వు వస్తానన్నావు. రమ్మనే ముందు నీకు తెలియాల్సిన మాట ఒకటుంది. మీ నాన్నకు కూడా తెలియదు. నేను దేవతనని మీరిద్దరూ అనుకుంటున్నారు. అందుకే రాయొద్దన్నాను. నువ్వు ఉత్తరం ఉత్తరానికీ నన్ను పీఠమెక్కిస్తుంటే నాకు కంపరం పుట్టింది.

ఆ నవంబరులో నేను నిన్ను చూసి పోదామని రాలేదు. తీసుకుపోదామని వచ్చాను. పిల్ల పోయాక నాకు మతి స్థిమితంగా లేదు. ఈ పిల్ల జ్వరం వల్లే కదా నా పిల్ల దక్కలేదు, అయితే ఈ పిల్ల నాదే అని ఒకటే ఆలోచన. పాస్‌పోర్టులో ఉంది, ప్రభుత్వం వారి జాబితాలో ఉంది, సావిత్రి కూతురు రాగసుధ అని. కాగితాలన్నీ నాకే సాక్ష్యం చెబుతున్నాయి అనుకున్నాను. మీ అమ్మా నాన్నా తిరిగొచ్చారని నాకు తెలియదు. ముసలావిడ ఒక్కతే ఉంటుంది, మిఠాయి కొనిపెడతానని పిల్లను వీధి చివరికి తీసుకెళ్తానంటే కాదనదు అనుకున్నాను. నాంపల్లి స్టేషన్లో నరసాపురం బండికి రెండు టికెట్లు కొని, చీర చెరుగున కట్టుకుని మీ వీధిలోకి వచ్చాను. ఒకటి నాకు. ఒకటి అర టికెట్టు.

మీ నాన్న తలుపు తీసి గడప దాటి వచ్చాడు. లోపల్నుంచి నువ్వు అరిచావు. ఎందుకు వినపడదు? అప్పుడు నా చెవులు బాగానే ఉన్నాయి. “ఆమె మా అమ్మ కాదు” అన్నావు. మీ నాన్న తల దించుకుని, “పిల్ల లోపల లేదమ్మా, పక్కింట్ల ఆడుకుంటున్నది. జర దినాలు కానియ్యి” అన్నాడు. పాపం, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. నేను సరేనని వచ్చేశాను.

గడియ పెట్టినందుకు నువ్వు ఇన్నేళ్లు కుమిలావు. ఆ గడియ తీసి ఉంటే, నువ్వు నవ్వుతూ బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఉంటే, మీ అమ్మా నాన్నా ఎదురుగా ఉన్నా సరే, సాయంత్రం దాకా ఆ వీధిలోనే కాచుకుని కూర్చునేదాన్నేమో. నాకు తెలియదు. ఆ రోజు నేను ఏమైనా చేయగల మనిషిని.

ఇది చదివాక కూడా రావాలనిపిస్తే రా. అనిపించకపోతే నీ తప్పు లేదు.

సావిత్రి


లాల్‌దర్వాజా
30 నవంబరు 2025

సావిత్రమ్మకు,

కోపం వచ్చింది. దాచుకోను. మొదటిసారి చదివినప్పుడు శ్రీహిత పక్కనే హోంవర్కు చేసుకుంటోంది. లేచి వెళ్లి వీధి తలుపు వేసి వచ్చాను, పట్టపగలు. మా అమ్మ అప్పుడు వట్టి చేతులతో ఆస్పత్రి నుంచి వచ్చి రెండు నెలలు. నన్ను కూడా ఎవరైనా తీసుకుపోయి ఉంటే ఆమె బతికేది కాదు. ఇది మీకు చెప్పకుండా ఊరుకుంటే నేను మా అమ్మకు కూతుర్ని కాను.

వారం రోజులు డ్యూటీలో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సాగర్ అడిగితే ఉత్తరం చేతిలో పెట్టాను. చదివి, “ఇంత రాసుడు ఎవరికి చేతనైతది షారోన్? చెప్పకుంటే నీకు తెలుస్తుండెనా?” అన్నాడు.

మీరు నాకోసం మీ కూతురి ఆఖరి రెండు రోజులు వదులుకున్నారు. తర్వాత నన్ను మా అమ్మ దగ్గర్నుంచి లాక్కుపోదామని వచ్చారు. రెండూ చేసింది మీరే. ఒకదానితో ఒకటి చెల్లుకు చెల్లు అయ్యేవి కావు. ఎంత ఆలోచించినా నాకు ఇంతవరకే తెలిసింది.

బాపుకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పను కూడా. ఆయన వస్తానంటున్నాడు. మోకాళ్లు పనిచేయకపోయినా కొత్త చొక్కా తీయించి ఇస్త్రీ చేయించుకున్నాడు. క్రిస్మస్ అయ్యాక సెలవు దొరుకుతుంది. ఇరవై ఎనిమిదిన బయల్దేరతాం. శ్రీహితను తీసుకురావాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మీరు చెప్పండి.

షారోన్


నరసాపురం
11 డిసెంబరు 2025

చిరంజీవి షారోన్‌కు,

నీ కోపం న్యాయమైనది. దాన్ని తగ్గించుకుని రానక్కర్లేదు.

శ్రీహితను ఈసారికి తీసుకురావద్దమ్మా. తప్పుగా అనుకోకు. ఆ వయసు పిల్లలు మా వీధిలో బోలెడుమంది ఉన్నారు, లేసు నేర్చుకుంటామని వస్తారు. ఒక్కదానికీ నేర్పలేదు. నాకు ఓపిక లేదని అందరూ అనుకుంటారు. ముందు నిన్నూ మీ నాన్ననూ చూడనీ. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. మీ నాన్నకు పిండివంటలు పడతాయా, షుగరు ఉందా? రాయి.

నువ్వు అడగలేదు గానీ, ఆనాటి బండి సంగతి కూడా చెప్పేస్తాను. ఇంతవరకు చెప్పాక అదొక్కటి దాచడం ఎందుకు.

మీ వీధిలోంచి నాంపల్లి దాకా నడుచుకుంటూ పోయాను. బండెక్కి నా సీట్లో కూర్చున్నాను. పక్కన నీకని కొన్న చోటు ఖాళీ. బండి కదలబోతుండగా ఒకామె చంకన మూటతో, చేతిలో పిల్లతో ఎక్కింది. నిడదవోలు వెళ్లాలట. కూర్చోవడానికి ఎక్కడా చోటు లేదు. అందరినీ అడుగుతూ నా దగ్గరికొచ్చి, “ఇక్కడెవరైనా ఉన్నారాండీ?” అంది. ఉన్నారని చెబుదామనే నోరు తెరిచాను. చివరికి “లేరండీ, కూచోబెట్టండి” అన్నాను.

ఆ పిల్ల కాసేపు కిటికీలోంచి చూసింది. కాసేపు నా గాజులు లెక్కపెట్టింది. తర్వాత మాటా మంతీ లేకుండా నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. వాళ్లమ్మ “అయ్యో, బరువండీ, ఇటివ్వండి” అంది. పర్లేదన్నాను. తెల్లారేదాకా కాలు కదపలేదు. నిడదవోలులో వాళ్లమ్మ లేపి దించుకుపోయింది. ప్లాట్‌ఫారం మీద నిద్రకళ్లతో నడుస్తూ ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

పేరేమిటని నేను అడగలేదు.

మీ రాక కోసం చూస్తుంటాను.

సావిత్రి